ఏసీ డబ్బా వెనక గువ్వ

జూన్ 23

రాయి ముఖద్దస్. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, నీ బడి తెలివి ఇందులో కలపకు. నువ్వు నా కోడలివి, వకీలువి కాదు.

నా పేరు ఖాసియత్. నాకు అక్షరం ముక్క రాదు. బుఖారా పాత ఊళ్ళో, మా మొహల్లాలో, నా తందూరు రొట్టె తినకుండా పెరిగినవాడు లేడు. నా ఫిర్యాదు పక్కింటి సబోహత్ మీద. వసంతంలో ఆమె తన ఇంటి మీద ఇంకో అంతస్తు లేపింది. లేపుకోనీ. ఆ అంతస్తు గోడకు సరిగ్గా నా వాకిలి వైపు ఏసీ డబ్బా బిగించింది. చల్లదనం వాళ్ళ గదిలో, సెగ నా వాకిట్లో. డబ్బా అడుగునుంచి ఒక గొట్టం నా ద్రాక్షపందిరి పక్కకు నీళ్ళు కారుస్తుంది. పగలూ రాత్రీ, బొట్టు బొట్టు. వాళ్ళ గదికి పట్టిన చెమట నా నేల మీద ఎందుకు పడాలి?

మొహల్లా పెద్ద ఇస్తమ్ అక్సకాల్ దగ్గరికి వెళ్ళాను. గడ్డం నిమురుకున్నాడు. అక్కా, మీరిద్దరూ నోళ్ళేసుకుని వస్తే నా చెవులు మిగలవు, ఏ రోజు ఏం జరిగిందో తారీఖు వేసి రాయించుకురా, నెలాఖరున పెద్దలం కూర్చుంటాం అన్నాడు. ఏ నెలాఖరు అన్నాను. జూలై అన్నాడు. అప్పటికి నేను ఎండి ముక్కనవుతానని అతని ఆశ.

అవను. రాయిస్తాను.

జూన్ 25

ఈ రోజునుంచి ఎండాకాలపు చిల్లా, నలభై రోజులు, మొదలు. ఏడాది మొత్తంలో కాల్చి పారేసే రోజులు ఇవే. మా అమ్మ కాలంలో చిల్లా అంటే మధ్యాహ్నం తలుపులు వేసుకుని కాసేపు కునుకు తీయడం. ఇప్పుడు పొద్దు పొడవకముందే నా రొట్టెలు తందూరులోంచి బయటికి వచ్చేయాలి. లేకపోతే పిండి నా చేతిలోనే పులిసి కారిపోతుంది.

నోరులేని జీవాలు కూడా తమ వేళలు మార్చుకున్నాయి. గోరింకలు పొద్దెక్కితే కనిపించవు. వీధి దీపాలు వెలిగాక స్తంభాల కింద పురుగులు ఏరుకుంటాయి, దొంగల్లాగా. కుక్కలు ఎండిపోయిన వీధి కాలువలో, వంతెన రాయి కింద పడుకుంటాయి. పిల్లి నా పిండి తొట్టి కిందనుంచి కదలదు. పిచ్చుకలన్నీ సబోహత్ గొట్టం కింద చేరి, నీ బొట్టు నా బొట్టు అని కొట్టుకుంటాయి.

ముసిచా గువ్వ ఒకటి వస్తుంది. అది తాగి పోదు. ఆ తడి మట్టిలో పొట్ట ఆనించి కూర్చుంటుంది. ఈకలు బాగా నానేదాకా కూర్చుని అప్పుడు లేస్తుంది. ఇది కూడా రాయి: సబోహత్ పుణ్యమా అని నా వాకిలి పక్షుల స్నానాలగది అయింది.

నా చిన్నప్పుడు మినార్ల మీద కొంగలుండేవి. చెరువులు పూడ్చారు, కొంగలు మొహం తిప్పుకుని వెళ్ళిపోయాయి. కొంగకు పౌరుషం ఉంది. గువ్వకు లేదు. ఎంత తరిమినా ఇళ్ళ మధ్యే ఏదో ఒక సందు వెతుక్కుంటుంది.

జూన్ 27

గువ్వ కొన్నాళ్ళుగా పుల్లలు మోస్తోంది. ఎక్కడికా అని చూస్తే ఏసీ డబ్బా వెనక్కి. డబ్బాకీ గోడకీ మధ్య, ఇనప కమ్మీ మీద.

నిచ్చెన వేసుకుని ఎక్కాను. ఈ వయసులో ఎందుకత్తయ్యా అని ముఖద్దస్ కింద నుంచి సణిగింది. నిచ్చెన పట్టుకోవే, వయసు నేను చూసుకుంటాను అన్నాను. అడ్డంగా నాలుగు పుల్లలు, నిలువుగా రెండు, అదే దాని ఇల్లు. అందులో రెండు తెల్లటి గుడ్లు.

దిగేటప్పుడు నా మోకాళ్ళు నొప్పెట్టలేదు. ముసిచా గూడు కదిపిన ఇంట్లో వెలుగుండదు. ఇది నేను పెట్టిన చట్టం కాదు, ఊయలలో పిల్లలకు కూడా తెలుసు. నా కేసుకు దేవుడు రెక్కలున్న సాక్షిని పంపాడు.

జూన్ 28

గోడ మీదనుంచి సబోహత్‌ను పిలిచాను. వాళ్ళింట్లోకి నేను వెళ్ళకూడదు. ఆమె మనవడి పెళ్ళాం మఫ్తునా ఈ నెలలోనే కన్నది. తల్లీబిడ్డలకు నలభై రోజుల చిల్లా నడుస్తోంది. బయటివాళ్ళ నీడ పడకూడదు. సబోహత్‌తో నాకు ఎన్ని ఉన్నా ఆ పద్ధతి నేను తప్పను.

నీ డబ్బా వెనక ముసిచా గుడ్లు పెట్టింది, మిషను ఆపు అన్నాను.

ఆమె టీ గిన్నె పట్టుకునే వచ్చింది, కింద పెట్టకుండా. పొద్దున్నే నీ గొంతు వినపడలేదేమా, పోయావేమో అనుకుంటున్నా ఖాసియత్ అక్కా అంది. పిట్టకు అడ్డంగా ఉంటే పిట్టే పోతుందిలే అంది.

ఆ మిషను వణుకుతుంది, మరిగిన గాలి ఊదుతుంది, గుడ్లు ఉడికిపోతాయి అన్నాను.

ఏసీ ఆపితే నా ముని మనవడు ఉడికిపోతాడు అంది. నీ తందూరు సెగ మా గోడకు ఎన్నేళ్ళ నుంచి తగులుతోంది, ఏనాడైనా అడిగామా అంది.

నా తందూరు రొట్టె ఇస్తుంది, నీ డబ్బా ఏమిస్తుంది అన్నాను.

నిద్ర ఇస్తుంది, నువ్వు లేచేదాకా అంది.

సబోహత్ బోర్లా పెట్టిన రొట్టె లాంటి మనిషి. ఎటునుంచి ముట్టుకున్నా అశుభమే. అప్పుడు నేను గొంతు తగ్గించి ఒకటే మాట అన్నాను. చిల్లాలో ఉన్న పసివాడి గది గోడకు ముసిచా గూడు. ఆ గుడ్లు చెడితే ఆ ఉసురు ఎవరికి తగులుతుంది, నువ్వే ఆలోచించుకో అన్నాను.

ఆమె మిగిలిన టీ నేల మీద పారబోసింది. లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి డబ్బా ఆగింది. అక్సకాల్ అవసరం పడలేదు. నేను గెలిచాను. ఇది పెద్ద అక్షరాలతో రాయి.

జూలై 1

వాకిట్లో చప్పుడు లేదు. సెగ ఊదే నోరు మూసుకుంది. ద్రాక్షపందిరి కింద మంచం వేయించుకుని పడుకున్నాను. సుఖంగా ఉండాల్సింది.

గోడ అవతల బిడ్డ ఏడుస్తున్నాడు. ఊయల చప్పుడు ఆగదు. ముఖద్దస్ అడిగింది, అత్తయ్యా ఇది కూడా రాయాలా అని. దేన్ని అన్నాను. బిడ్డ ఏడుపుని అంది. వద్దు, కేసుకు సంబంధం లేదు అన్నాను. కలం మాత్రం ఆగినట్టు లేదు.

జూలై 3

గొట్టం కింద నేల పగిలింది. పిచ్చుకలు ఒక పూట వచ్చి, చూసి, మళ్ళీ రాలేదు.

నా కొడుకు బస్సు దిగి వచ్చి, పక్కింటివాళ్ళు మనల్ని చూసి మొహం తిప్పుకుంటున్నారమ్మా అన్నాడు. తిప్పుకోనీ, మెడకు వ్యాయామం అన్నాను.

జూలై 5

నలభై ఐదు డిగ్రీలని రేడియో చెప్పింది. రేడియో ఎప్పుడూ తగ్గించే చెబుతుంది.

జూలై 6

ఈ రోజు జరిగింది నిదానంగా చెబుతాను, నిదానంగా రాయి.

పొద్దుటినుంచి గువ్వ నోరు తెరుచుకునే ఉంది. గొంతు కింద చర్మం డప్పులా కొట్టుకుంటోంది. రెక్కలు కాస్త ఎత్తి గుడ్ల మీద గొడుగులా పట్టుకుంది. మధ్యాహ్నం లేచి ఎగిరిపోయింది. చాలాసేపు రాలేదు. అది లేకుండా గుడ్లు ఎండగాలికి పడి ఉన్నాయి. నాకు కోపం వచ్చింది. నీకోసం నేను ఒక ఇంటినే వేడిలో కూర్చోబెట్టాను, నువ్వు షికార్లు తిరుగుతావా అన్నాను. నిచ్చెన ఎక్కాను. ఇనప కమ్మీ మీద చెయ్యి వేస్తే చుర్రుమంది. ఎన్నేళ్ళుగానో తందూరులో చేతులు పెట్టినదాన్ని, నా చేతికే చుర్రుమంది.

డబ్బా నడిచే రోజుల్లో గూడు చూడ్డానికి ఎక్కినప్పుడు ఇలా లేదు. అప్పుడు నా ముఖాన్ని దాటుకుని గాలి లోపలికి వెళ్ళేది, నా తలగుడ్డ అంచును గోడ వైపు లాగేది. ఆ సంగతి నిచ్చెన మీద నిలబడే గుర్తొచ్చింది. ఆ మిషను ముందునుంచి నా మీద ఊదుతుంది, వెనకనుంచి పీలుస్తుంది. గువ్వ కూర్చున్నది పీల్చే వైపు. నీడ, గాలి, కింద రెక్క విదిలిస్తే చేరేంత దూరంలో నీళ్ళు. అది పొట్ట తడుపుకున్నది స్నానానికి కాదు. ఈ చిల్లాలో గుడ్లను వెచ్చబెట్టాల్సిన పని ఏ తల్లికి ఉంది? చల్లబెట్టుకుంటోంది. తడి పొట్టతో వాటి మీద కూర్చుని చల్లబెట్టుకుంటోంది.

ఇప్పుడు నీళ్ళ కోసం ఏ చివరికి పోతోందో. వచ్చేసరికి పొట్ట ఎండిపోతుంది.

అంటే ఏమిటి? ఈ గువ్వ మొదటినుంచీ సబోహత్ పక్షం.

ముఖద్దస్ నా వైపు చూసింది. ఏంటే చూపు, రాయి అన్నాను. ఏం రాయమంటారు అంది. ఎండ ఎక్కువగా ఉంది అని రాయి అన్నాను.

జూలై 7

మట్టి మూకుడులో నీళ్ళు పోసి గోడ మీద, గూటికి దగ్గరగా పెట్టాను. గువ్వ రాకముందే గోరింకలు వచ్చాయి. నీళ్ళు తాగి, చుట్టూ చూసి, గూడు కనుక్కున్నాయి. నేను రొట్టె కొక్కెం పట్టుకుని అరుస్తూ వచ్చేసరికి ఒక గుడ్డు పోయింది. తెల్లటి పెంకు నా పందిరి మీద పడింది.

తర్వాత తడిగుడ్డ డబ్బా మీద కప్పబోయాను. గువ్వ బెదిరి వెళ్ళి మినార్ మీద కూర్చుంది. గుడ్డ తీసేదాకా రాలేదు.

పక్కింటికి డాక్టరు వచ్చింది. వాకిట్లో కుర్చీ వేసుకుని గట్టిగా మాట్లాడింది. ఆ మాటలు నేను దొంగతనంగా వినలేదు, గోడ వినిపించింది. బిడ్డ ఒళ్ళంతా చెమటకాయలు, తల్లి పాలు తగ్గాయి, ఇంట్లో ఏసీ పెట్టుకుని ఏం చేస్తున్నారమ్మా మీరు అని అడిగింది. సబోహత్ గొంతు, వెనక ముసిచా గూడుందండీ అంది. అయితే ఏంటి అంది డాక్టరు. డాక్టరు సమర్‌కండ్ మనిషట. అక్కడ గువ్వలు లేవా ఏమిటి?

జూలై 8

తెల్లవారుజామున మొదటి వాయి రొట్టెలు తీశాక నిచ్చెన వేసుకుని గోడ మీద తల పెట్టాను.

సబోహత్ అని పిలిచాను. ఆమె వాకిట్లో తడి దుప్పట్లు పిండుతోంది. కళ్ళు వాచి ఉన్నాయి. తల ఎత్తకుండానే, ఇంకేం ఆపమంటావు, ఊపిరా అంది.

ఏసీ వేయి అన్నాను.

దుప్పటి కింద పడేసింది. నిన్న వద్దన్నావు, ఇవాళ వేయమంటున్నావు, ఎండకు నీ బుర్ర పులిసిందా అక్కా అంది.

గువ్వకు ఆ గాలి కావాలి, ఆ నీళ్ళు కావాలి, లేకపోతే మిగిలిన గుడ్డు కూడా పోతుంది అన్నాను.

ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఓహో, పిట్ట కోసం వచ్చావా అంది. ఇన్ని రోజులు నా పిల్లవాడు గొంతు పోయేలా ఏడిస్తే నీ చెవులకు పిండి అంటుకుందా అంది. ఒక గుడ్డు పోయింది కదా, గోరింకను పిలిచి విందు పెట్టింది ఎవరో మా ఫర్రుఖ్ కిటికీలోంచి చూశాడు అంది. ఫర్రుఖ్ ఆమె కొడుకు, ఆ డబ్బా బిగించిన మొనగాడు.

చూస్తే చూశాడు, ఏసీ వేయి అన్నాను.

వేయను అంది. పైకి చూసి మాట్లాడింది ఈసారి. గుండెలు అదిరేలా నువ్వే చెప్పావు, చిల్లాలో ఉన్న బిడ్డ గోడకు ముసిచా ఉసురు అని. రాత్రంతా ఆ మాటే నా చెవుల్లో. ఇప్పుడు మిషను వేశాక ఆ రెండో గుడ్డు పోతే? నా పిల్లవాడికి ఏమైనా అయితే? నువ్వు గోడ మీదనుంచి దిగి వెళ్ళి రొట్టెలు కాల్చుకుంటావు. నేనేం చేయాలి? పెద్దలు కూర్చునేదాకా ఆ స్విచ్ నేను ముట్టను. నువ్వు మొదలుపెట్టావు, నీ పెద్దలతోనే చెప్పించు అంది.

పెద్దలు కూర్చునేది నెలాఖరున. నెలాఖరుకు ఆ గుడ్డు రాయి అవుతుంది. ఆ బిడ్డ ఏమవుతాడో నేను నోటితో అనను.

లోపల బిడ్డ మొదలుపెట్టాడు. ఏడుపు కాదు అది, పిల్లికూన మూలుగు. మఫ్తునా గడప లోపల నిలబడి ఉంది, చిన్నపిల్ల, జుట్టు నుదుటికి అంటుకుపోయి. ఆమె నన్ను చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

ముఖద్దస్, ఒక రొట్టె అందుకో అన్నాను కిందికి. ఏ రొట్టె అంది. వేడిది, మొదటి వాయిది అన్నాను. అందించింది. వేళ్ళు కాలుతున్నాయి. ఆ రొట్టెను తల మీదికి ఎత్తి పట్టుకున్నాను. అప్పటికి వీధిలో నీళ్ళ బిందెలవాళ్ళు ఆగి చూస్తున్నారు. రొట్టెలు కొనడానికి వచ్చినవాళ్ళు మా గుమ్మంలో ఉన్నారు. మంచిదే. సాక్షులు ఉండాలి.

ఈ రొట్టె మీద ఒట్టు, ఈ గూటికి ఏమైనా, గుడ్డు పోయినా, పిల్ల పోయినా, తల్లి పోయినా, ఆ ఉసురు ఈ ఇంటికి లేదు, ఈ బిడ్డకు లేదు, ఖాసియత్ మెడకు. మాట తప్పితే ఈ రొట్టె నన్ను కొట్టుగాక అన్నాను.

వీధిలో ఎవరో అయ్యో అన్నారు. ఇస్తమ్ అక్సకాల్ భార్య కూడా ఉంది అక్కడ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముఖద్దస్ నా పాదం పట్టుకుంది, అత్తయ్యా వద్దు అంది. ఇంట్లో మన పిల్లలున్నారు అంది. నా మెడకే అన్నాను, మీ మెడలకు అనలేదు, చెవులు పెట్టుకుని విను అన్నాను.

సబోహత్ గోడ దగ్గరికి వచ్చింది. ఆ రొట్టెను చూస్తూ నిలబడింది. ఒట్టు పెట్టాక దాన్ని కింద పెట్టకూడదు, ఎవరో ఒకరు తినాలి. ఇటు ఇయ్యి అంది చివరికి. గోడ మీదనుంచి ఇచ్చాను. ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుంది. నమిలింది. ఉప్పు తక్కువైంది అంది.

లోపలికి వెళ్ళింది. డబ్బా మూలిగి, దగ్గి, తిరిగింది. సెగ సరిగ్గా నా ముఖం మీదికి కొట్టింది. నిచ్చెన దిగాను.

జూలై 9

బొట్టు బొట్టు.

జూలై 10

గువ్వ మధ్యాహ్నం దాకా రాలేదు. మినార్ మీదా లేదు, కాలువలోనూ లేదు. నేను అన్నం ముట్టలేదు. మెడ వెనక ఏదో కూర్చున్నట్టు ఉంది. ముఖద్దస్ దిండు మార్చింది. దిండు వల్ల కాదు అన్నాను.

పొద్దు వాలాక వచ్చింది. గొట్టం కింద మట్టిలో పొట్ట ఆనించింది. నన్ను చూసింది. నేను కదలలేదు, దగ్గు వచ్చినా మింగేశాను. తర్వాత ఎగిరి డబ్బా వెనక్కి వెళ్ళింది.

జూలై 13

పిల్ల ఒకటి. ఈకలు లేవు, కళ్ళు లేవు, మహా అసహ్యంగా ఉంది.

బిడ్డ చెమటకాయలు తగ్గుతున్నాయని వీధిలో చెప్పుకుంటున్నారు. సబోహత్ నాకు చెప్పలేదు. నేను అడగలేదు. పొద్దున నా తందూరు మూత చప్పుడుకు ఆమె మనవడి పెళ్ళాం ఉలిక్కిపడుతోందని మాత్రం ఫర్రుఖ్‌తో కబురు పంపింది. మూతకు గుడ్డ చుట్టించాను. ఆమె కోసం కాదు. నాకే ఆ చప్పుడు విసుగు.

కేసు మానుకుంటావా అక్కా అని అక్సకాల్ అడిగించాడు. ఎందుకు మానుకుంటాను? సెగ నా వాకిట్లోకే వస్తోంది. నా ద్రాక్ష ఆకులు అంచులు కాలాయి. పిల్ల ఎగిరిపోయిన మర్నాడు ఆ డబ్బా నా గోడ వైపునుంచి పోవాలి. అదే నా మాట, మార్పు లేదు.

జూలై 28

పిల్ల ఎగిరిపోయింది. నాలుగు రోజులైంది. అవతల బిడ్డకు చిల్లా తీరింది. మఫ్తునా మొదటిసారి వీధిలోకి తెచ్చింది. నేను గుమ్మంలో ఉన్నాను. బిడ్డను ఇటు తిప్పి చూపించింది. లావయ్యాడు. ముక్కు సబోహత్‌దే, పాపం.

పెద్దలు కూర్చున్నారు. టీ తాగారు, నేను పంపిన రొట్టె తిన్నారు. ముఖద్దస్ మొదటినుంచి చివరిదాకా చదివింది. నేను వద్దన్న చోట్ల కూడా చదివింది. ఒకరిద్దరు నవ్వారు. ఇంటికొచ్చాక చెబుతాను దాని సంగతి.

అక్సకాల్ తీర్పు చెప్పాడు. పక్కింటి వాకిట్లోకి సెగ వదలడం న్యాయం కాదు, డబ్బాను సబోహత్ తన వాకిలి వైపు గోడకు మార్చుకోవాలి అన్నాడు. సబోహత్ వాదించలేదు. మారుస్తాం, ఆ నోరు మా గోడ మీదనుంచి కనపడకపోతే అదే పదివేలు అంది. వచ్చే వారం మనుషులను పిలుస్తానన్నాడు ఫర్రుఖ్.

నేను గెలిచాను. మళ్ళీ పెద్ద అక్షరాలతో రాయి.

ఆగస్టు 3

డబ్బా ఊడదీయడానికి ఇద్దరు వచ్చారు. ఒకడు మా వైపునుంచి నిచ్చెన వేసి ఎక్కాడు. పెద్దమ్మా, వెనక పిట్ట కూర్చుంది, కింద రెండు గుడ్లున్నాయి, పక్కకు నెట్టేయమంటారా అని అడిగాడు.

నిచ్చెన లాగేశాను. వాడు ఇంకా గోడ మీదే ఉన్నాడు.

రాయి ముఖద్దస్. కొత్త కాగితం తీసుకో. ఈ డబ్బాను నా గోడ వైపునుంచి కదిలించడానికి వచ్చిన అందరి మీద నా ఫిర్యాదు.